గాజుపెట్టె మూత

మస్తానయ్య గారిని ప్రశ్న అడిగితే ఆ రోజు జవాబు రాదు, పని వస్తుంది. ఆ సంగతి తెలియక ఎంతోమంది పెద్ద పెద్ద సందేహాలు మోసుకొచ్చి, చేతికి చీపురో చేదో అందుకొని తెల్లమొహం వేసేవారు. నేను మొదటిసారి వెళ్లి, మనసు నిలవాలంటే ఏం చెయ్యాలండీ అని అడిగితే, మూడు నెలలు కొబ్బరిపీచు తాడు పేనించారు. మనసు నిలిచిందో లేదో చెప్పలేను గాని అరచేతులు మాత్రం కాయలు కాశాయి.

ఆయన సన్యాసం పుచ్చుకున్న మనిషి కాదు. టౌనులో దేవుడి పటాలకు అద్దాలు బిగించే కొట్టు ఉండేది. భార్య పోయాక కొట్టు తమ్ముడి కొడుక్కి అప్పగించి, సముద్రానికి కోసెడు దూరంలో చవిటిమిట్ట అనే పల్లె చివర రెండు తాటాకు పాకలు వేసుకున్నారు. వెతుక్కుంటూ వచ్చినవాళ్లం ఆయన్ని అయ్యవారూ అని పిలిచేవాళ్లం. పాకల ముందు ఉప్పుమడులు, వెనకాల ఇసుక, మధ్యలో ఒక బావి. ఆ బావి నీళ్లతో టీ పెడితే పాలు విరిగిపోతాయి. కందిపప్పు పొద్దున పొయ్యెక్కిస్తే మధ్యాహ్నానికి కూడా పలుకు పలుకుగానే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్లే తాగినవాళ్ల నాలుకకు ఉప్పు తెలియదు. అందుకని ఆ ఊరి ఆడవాళ్లు ఏ నీళ్ల మంచీచెడూ అయినా పప్పు ఉడికించే తేలుస్తారు.

ఊరు వదిలినా అయ్యవారు చేతిపని వదల్లేదు. మూడు చెక్కపెట్టెలు చేయించి, లోపల నల్లరంగు పూసిన రేకు పళ్లెం పెట్టి, పైన వాలుగా అద్దాన్నే మూతగా బిగించారు. పళ్లెంలో బావి నీళ్లు పోసి మూత వేస్తే, ఎండకు ఆవిరి లేచి అద్దం లోపలివైపు చెమటలా పడుతుంది. అది బొట్లు బొట్లుగా కిందికి జారి, అంచున ఉన్న గాడిలో చేరి, గొట్టం దారిన బయట బిందెలోకి దిగుతుంది. ఉప్పంతా పళ్లెంలోనే ఉండిపోతుంది. కరెంటు లేదు, చప్పుడు లేదు. మంచి ఎండ కాస్తే మూడు పెట్టెలకూ కలిపి రోజుకు ఎనిమిది లీటర్లు వచ్చేవి.

అందులో ఐదు లీటర్లు సువార్తవి. సువార్త పల్లెలో ఉండే పిల్ల, ఇరవై రెండేళ్లు, మొగుడు పడవల మీదికి పోతాడు. అప్పుడామెకు ఏడో నెల. మొదటి కాన్పులో ఇదే ఏడో నెలలో కాళ్లు వాచి, బీపీ పెరిగి, బిడ్డ కడుపులోనే పోయింది. ఈసారి నర్సమ్మ వచ్చి ఆమె పాదం మీద వేలితో నొక్కి చూసింది. వేలు తీసినా గుంట అలాగే ఉంది. "ఉప్పు మానమంటే కూరలో మానితే సరిపోదమ్మా, ముందు ఆ బావి నీళ్లు మాను. తాగేదీ వండుకొనేదీ మంచినీళ్లే కావాలి, లేదంటే పోయినసారి లాగే అవుతుంది" అని మొహం మీదే చెప్పి వెళ్లింది. క్యాను నీళ్ల బండి వారానికోసారి వస్తే వచ్చినట్టు. అందుకని అయ్యవారు సువార్త వాటా ముందు తీసి పక్కన పెట్టించి, మిగిలినవి నలుగురికి తలో చెంబు అన్నారు. ఆ నలుగురూ అయ్యవారు, నేను, భావనారాయణ, ఆదెమ్మ.

ఆదెమ్మ అరవై దాటిన మనిషి. నలభై ఏళ్లు ఉప్పుమడుల్లో పనిచేసింది. తెల్లారగానే వచ్చి, పళ్లేలలో మిగిలిన ఉప్పు కడిగి, అద్దాలు తుడిచి, కొత్త నీళ్లు పోసి, మూతల అంచులకు సందు లేకుండా తడిమట్టి మెత్తేది. ఆ పని అయ్యాక ముందురోజు దిగిన నీళ్లబిందె నెత్తిన పెట్టుకొని సువార్త ఇంటికి వెళ్లేది. తన చెంబు కొంగు కింద పట్టుకొని వెళ్లేది. ఎక్కువ మాట్లాడేది కాదు.

ఇక భావనారాయణ. ముప్పై ఏళ్లు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరై వచ్చాడు. మంచివాడే, కాదనను. కాని దండం పెడుతూ కూడా ఎదుటివాడి చేతిలో ఏముందో చూసేవాడు. అలాంటి మనిషి ఒకరోజు అయ్యవారి ముందు కూర్చొని, "మనిషిని నమ్మాలంటారు. లోపల ఏముందో చూడకుండా నమ్మడం ఎలాగండీ?" అని అడిగాడు. అయ్యవారు అప్పుడు అద్దం కోస్తున్నారు. తల ఎత్తకుండానే, "రేపు నేను టౌనుకు పోతున్నాను. మా తమ్ముడి కొడుక్కి ఒంట్లో బాగాలేదు, పది రోజులు పట్టొచ్చు. నేనొచ్చేదాకా గాజుపెట్టెలు నువ్వు చూసుకో" అన్నారు. భావనారాయణ నా వైపు గర్వంగా చూశాడు. నాకు కాస్త కడుపుమంటగానే అనిపించింది. నాకు కొబ్బరిపీచు, ఇతగాడికి గాజుపెట్టెలు.

ఇక్కడ నా పాపం కూడా చెప్పుకోవాలి. అయ్యవారు వెళ్లిన మర్నాడు ఆకాశం పొగచూరినట్టుగా ఉంది, ఎండ పల్చగా కాసింది. సాయంత్రం బిందెలు చూస్తే ఏడు లీటర్లే ఉన్నాయి. మబ్బు సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదేమో, "ఏమయ్యా, నువ్వు చేతిలోకి తీసుకోగానే నీళ్లు తగ్గాయే" అన్నాను. సరదాకే అన్నాను. భావనారాయణ నవ్వలేదు. కాసేపు బిందె వంక చూసి, "పొద్దున్నే పెట్టెల దగ్గర ఒంటరిగా ఉండేది ఆదెమ్మే కదూ మాస్టారూ" అన్నాడు. మబ్బు వల్ల తగ్గాయి అని ఒక్క మాట నేను అప్పుడు అని ఉంటే ఈ కథే లేదు.

మర్నాటి నుంచి తనిఖీ మొదలైంది. తొమ్మిదింటికోసారి, పదకొండింటికోసారి, ఒంటిగంటకోసారి, మూడింటికోసారి మూత ఎత్తి, పళ్లెంలో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో సుద్దముక్కతో గీత గీసేవాడు. మూత ఎత్తగానే గుప్పున ఆవిరి వచ్చి కళ్లద్దాలు తెల్లబడిపోయేవి. భుజం మీది తువ్వాలుతో తుడుచుకొని మళ్లీ వంగేవాడు. ఆ రోజు ఆకాశం అద్దంలా ఉంది. సాయంత్రానికి ఆరు లీటర్లు. ఆ మర్నాడు ఐదున్నర.

"చూశారా, నిఘా పెట్టినా జంకడం లేదు" అన్నాడు నాతో. నాకూ నిజమేననిపించింది. ఒకసారి అనిపించాక, ఆదెమ్మ కొంగు కింద చెంబు పట్టుకొని నడిచే తీరు కూడా దొంగనడకలాగే కనిపించింది నాకు. నీళ్లు తగ్గాయి కాబట్టి అందరికీ సమానంగా కోత పెట్టాలని భావనారాయణ తీర్మానించాడు. సువార్త బిందె కూడా తగ్గింది. ధర్మమే కదా అని నేనూ తలూపాను. అప్పటికి కోత పడిన నా చెంబు గురించే నా దిగులంతా.

తనిఖీ మొదలైన మూడో రోజు పొద్దున ఆదెమ్మే నోరు తెరిచింది. "అయ్యా, ఎండ పని ఎండని చేసుకోనియ్యండి. మడిని మాటిమాటికీ కెలికితే ఉప్పు కట్టదు. పెట్టె కూడా అంతే" అంది. భావనారాయణ కళ్లు చిన్నవి చేసుకొని, "అయ్యవారు నన్ను చూడమన్నారు, చూస్తాను. నువ్వెవరు వద్దనడానికి?" అన్నాడు. ఆవిడ మట్టి చేతులు కడుక్కొని వెళ్లిపోయింది. "పెట్టె దగ్గరికి రావద్దని నాకే చెబుతోంది, అర్థమైందా మాస్టారూ? ఇంకేం సాక్ష్యం కావాలి?" అన్నాడు. ఆ రోజు నుంచి తనిఖీ గంటకోసారి అయ్యింది. ఆదెమ్మ వెళ్లిపోయాక మూతలకు దారం చుట్టి తనకే తెలిసిన ముడి వేసేవాడు. ముడి ఎప్పుడు చూసినా చెక్కుచెదరకుండా ఉండేది, నీళ్లు మాత్రం నాలుగున్నరకు దిగాయి. ముడి ఊడితే దొంగతనం జరిగినట్టు, ఊడకపోతే ముడి వెయ్యడం దొంగకు కూడా వచ్చినట్టు. అలా ఉండేది మా ఇద్దరి తెలివి.

అయ్యవారు వెళ్లిన పదో రోజు పొద్దున ఆదెమ్మ వెనకాలే వెళదామన్నాడు. వెళ్లాం. అడ్డదారిన ఆవిడ కంటే ముందే చేరి, సువార్త ఇంటి దడికి ఇవతల వలల కుప్ప ఉంటే దాని వెనక నక్కాం. యాభై ఎనిమిదేళ్ల వాళ్లం ఇద్దరం, పిల్లల్లా మోకాళ్ల మీద కూర్చున్నాం. ఆదెమ్మ వచ్చింది. దడి బయటే బిందె దించింది. అటూ ఇటూ చూసింది. కొంగు కిందనుంచి చెంబు తీసి, అందులో నీళ్లు బిందెలో పొయ్యడం మొదలుపెట్టింది.

"దొరికావు" అని భావనారాయణ ఒక్క ఉదుటున వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చెంబు సగం ఖాళీ అయ్యింది, సగం ఉంది. "మంచినీళ్లు ఇంట్లో దాచుకొని, బిందె నింపడానికి బావి నీళ్లు కలుపుతున్నావా? కడుపుతో ఉన్న పిల్ల తాగే నీళ్లలోనా?"

"బావి నీళ్లు కాదయ్యా, అవి నా నీళ్లు" అంది ఆదెమ్మ.

"నీ నీళ్లా? విన్నారా మాస్టారూ, తన నీళ్లట. అయ్యవారి పెట్టెలో దిగిన నీళ్లు నీవి ఎప్పుడయ్యాయి?"

 భావనారాయణ చెంబులోవి ఒక గుక్క నోట్లో పోసుకొని, మొహం చిట్లించి ఉమ్మేశాడు. "ఉప్పు. మీరూ చూడండి." నేనూ ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. దాపరికం దేనికి, నాకు కూడా ఉప్పగానే తగిలింది. ఈ గొడవకు సువార్త దడి తలుపు పట్టుకొని బయటికి వచ్చింది. వాచిన కాళ్ల మీద నిలబడలేక గుంజకు ఆనుకుంది. భావనారాయణ బిందె ఎత్తడం చూసి, "పారబొయ్యకండి బాబుగారూ, అవి లేకపోతే మా అత్త బావి నీళ్లతోనే వండుద్ది" అంది. "ఇవీ అవే అమ్మాయ్" అని అతను బిందెను ఇసకలో వంపేశాడు. చూస్తూ ఉండగానే ఇసుక మొత్తం తాగేసింది. సువార్త ఆ తడి వంకే చూస్తూ నిలబడిపోయింది.

అయ్యవారు ఆటో దిగి నడిచి వస్తున్నది అప్పుడే. చంకలో కాగితం చుట్టిన కొత్త అద్దం ఉంది. జనం మూగారు కాబట్టి నేరుగా అక్కడికే వచ్చారు. భావనారాయణ జరిగిందంతా చెప్పాడు, చెంబు చూపించాడు, నన్ను సాక్షిగా నిలబెట్టాడు. ఆయన ఆదెమ్మ వైపు చూశారు. ఆవిడ కన్నీళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

"ఉప్పగా ఉన్నాయని ఎవరు చెప్పారు?" అన్నారు అయ్యవారు.

"నా నాలుక చెప్పిందండీ."

"ఆ నోట్లో అనుమానం కూడా ఉంది కదయ్యా. ఏది చెప్పిందో ఎలా తెలుస్తుంది? పప్పు పెట్టించు."

సువార్త అత్త రెండు రాళ్ల పొయ్యిలు రాజేసింది. ఒక దాకలో చెంబు నీళ్లు, ఇంకో దాకలో బావి నీళ్లు, రెండింటిలోనూ ఒక్కో పిడికెడు కందిపప్పు. పల్లె ఆడవాళ్లంతా చుట్టూ కూర్చున్నారు.  ఆ ముప్పావుగంటలో భావనారాయణ ఆదెమ్మను పనిలోంచి తీసేశాక పెట్టెలు ఎవరు కడగాలో నాతో చెప్పుకొచ్చాడు. నేను ఊఁ కొడుతున్నాను గాని కళ్లు దాకల మీదే ఉన్నాయి. చివరికి సువార్త అత్త గరిటెతో మొదటి దాకలో పప్పు నొక్కింది. వెన్నలా మెదిగిపోయింది. రెండోది నొక్కింది. పలుకులు గరిటె కింద కరకరమన్నాయి.

"మంచినీళ్లే" అంది ఆవిడ. చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ఒకరిద్దరు భావనారాయణ వైపు తిరిగి చూశారు.

అయ్యవారు ఆదెమ్మ పక్కన ఇసకలో చతికిలబడ్డారు. "నీ చెంబు నువ్వు తాగడం లేదా తల్లీ?" అని అడిగారు.

"బిందెకు కోత పెట్టిన కాణ్ణించి తాగట్లేదు బాబూ. నాకు బావి నీళ్లు కొత్తా? ఈ ఒంట్లో ఉప్పు గాక ఇంకేముందిలే. తగ్గినకాడికి వాళ్లత్త బావి నీళ్లు పోసి వండుతోంది. ఆ పిల్ల కాళ్లు చూస్తే నాకు గొంతు దిగలేదు" అంది. తడి ఆరిన ఇసుక వైపు చెయ్యి చూపి, "నన్నన్నందుకు కాదయ్యా, ఆ బిందె ఇసకలో పోశారే, అదే నాకు కడుపులో మంట" అంది.

నాకు ఎక్కడికైనా పారిపోదామనిపించింది. ఆవిడ కొంగు కింద పట్టుకొని నడిచింది సువార్త నీళ్లను, మేం దొంగనడక అనుకున్నాం. ఆ రోజు తిరిగి వస్తారని తన కోసం తీసి ఉంచిన చెంబును అయ్యవారు పాకలోంచి తెప్పించి సువార్త చేతికిచ్చారు. భావనారాయణ పరుగెత్తుకెళ్లి తన చెంబు తెచ్చాడు, అందులో సగం ఉంది. నా వైపు ఎవరూ చూడలేదు, అయినా నేను తల వంచుకున్నాను. నా చెంబు ఆ పొద్దున్నే వలల కుప్ప దగ్గరికి వెళ్లేముందు గటగటా తాగేశాను.

సువార్త కాన్పు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఆ బెంగతో మీరు మిగిలినది సరిగా వినరు. నెలలు నిండాకే ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగానే ఉన్నారు. ఆ పిల్లకు ఆదెమ్మ పేరు పెట్టారు. కాని ఆ రోజు అది మాకెవరికీ తెలియదు. ఆ రోజు మాకు తెలిసింది ఒక్కటే. చెంబున్నర నీళ్లతో సువార్త రోజు గడపాలి, అదీ మేం చేసిన పనికి.

పాకల దగ్గరికి తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అయ్యవారు కొత్త అద్దాన్ని నీడన పెట్టి, ముందు పెట్టెల దగ్గరికి వెళ్లారు. ఆదెమ్మ పొద్దున మెత్తిన మట్టి మూతల అంచున అప్పటికే పగిలి, పెళ్లలు పెళ్లలుగా రాలి ఉంది. వలల కుప్ప దగ్గరికి బయల్దేరే ముందు కూడా తనిఖీ జరిగింది మరి. ఆయన ఒక పెళ్ల చేతిలోకి తీసుకొని నలుపుతూ నిలబడ్డారు.  వచ్చేముందు భావనారాయణ ఆదెమ్మ కాళ్లు పట్టుకున్నాడు గాని బరువు దిగలేదనుకుంటాను, మొహం వాడిపోయి ఉంది. అయినా తలలో ప్రశ్న మాత్రం తిరుగుతూనే ఉంది.

"ఆవిడ తియ్యలేదు, సరే. ఇంకెవరూ తియ్యలేదు, ముడి ఊడలేదు. మరి రోజుకు మూడు, మూడున్నర లీటర్లు ఎటు పోయినట్టండీ?" అంటూ, అడుగుతూనే, చెయ్యి ఊరుకోక, ఎదురుగా ఉన్న పెట్టె మూత పైకెత్తాడు. గుప్పున ఆవిరి మొహాన కొట్టింది. కళ్లద్దాలు తెల్లబడ్డాయి. అలవాటుగా భుజం మీది తువ్వాలు లాగి తుడుచుకున్నాడు.

"ఆ తువ్వాలు ఓసారి పిండు" అన్నారు అయ్యవారు.

భావనారాయణ ఒక చేత్తో మూత, ఇంకో చేత్తో తువ్వాలు పట్టుకొని అలాగే ఉండిపోయాడు. అతని కళ్లద్దాల అంచున ఒక బొట్టు చేరి, కాసేపు వేలాడి, చొక్కా మీద పడింది. పెట్టెలోంచి ఆవిరి ఇంకా పైకి పోతూనే ఉంది. నేను సుద్దగీతల వైపు చూశాను. లెక్కపెట్టబుద్ధి కాలేదు.

అయ్యవారు కొత్త అద్దం విప్పడానికి నీడలోకి నడుస్తూ, వెనక్కి తిరగకుండానే అన్నారు.

"ముందు మూత వెయ్యి నాయనా, ఎండ పోతోంది. నేను చూసుకోమన్నాను గాని, చూడమన్నానా?"